చీనీ పిందె రాలుతుంటే నీళ్లు పెంచా, నల్లిని చూడలేదు

మాది అనంతపురం జిల్లా. చీనీకి, అంటే బత్తాయికి, పూత విరగబూసింది. తీరా పిందె కట్టే వేళకు మట్టిరోడ్డు పక్క వరుసల్లో ఆకులు పాలిపోయి రాలాయి, వెంటే పిందెలూ. నీటి ఎద్దడేమోనని డ్రిప్ పెంచాను. ఏం లాభం! తెల్ల కాగితం మీద కొమ్మ దులిపితే ఎర్రచుక్కలు పాకాయి. ఆకు రసం పీల్చే సన్న పురుగు, నల్లి! రసం పోయిన ఆకు పిందెనేం సాకుతుంది? తామర పురుగుకని రెండుసార్లు పైరిత్రాయిడ్ రకం పురుగుమందు కొట్టి, నల్లిని తినే పురుగులను నేనే చంపుకున్నాను.

నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, సాయంత్రం చల్లబడ్డాక, ఆకు రెండువైపులా తడిసేలా కొట్టాను. మండుటెండలో కొడితే ఆకు మాడుతుంది. వారానికి కాగితం మీద చుక్కలు పలచబడ్డాయి. రాలింది రాలగా మిగిలిన పిందె నిలిచింది.