ఐ3 విండో మేనేజర్ వాడే లినక్స్ లాప్‌టాప్‌లో బ్యాటరీ అలర్ట్ మనమే రాసుకోవడం ఎలా?

గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట వైపు అద్దె గదుల్లో ఇన్వర్టర్ ఉన్నా, దాని లైను ఫ్యానుకీ లైటుకీ ఇచ్చి వదిలేయడం మామూలే. ఛార్జర్ పెట్టుకునే ప్లగ్ పాయింటుకి అది రాదు. కరెంటు పోయినా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది. పనిలో ఉన్న మనిషికి కరెంటు పోయిందన్న సంగతే తెలీదు. ఛార్జర్ పిన్ను లాప్‌టాప్‌కి గుచ్చే ఉంటుంది కాబట్టి అనుమానం కూడా రాదు. ఈలోపు బ్యాటరీ కరిగిపోతుంది.

లినక్స్‌లో గ్నోమ్, కేడీఈ లాంటి నిండు డెస్క్‌టాప్‌లు బ్యాటరీ తగ్గితే వాటంతట అవే చెబుతాయి. ఐ3, డీడబ్ల్యూఎం, స్వే లాంటి విండో మేనేజర్లు, అంటే తెర మీద కిటికీలు అమర్చడం వరకే చూసుకునేవి, చెప్పవు. తేలిగ్గా ఉండటమే వాటి గొప్ప, ఏది కావాలన్నా మనమే పెట్టుకోవాలి. తెర అంచున ఉండే బార్‌లో శాతం కనిపిస్తుంది కదా అంటారు. రేపు ప్రాజెక్టు ఇవ్వాల్సిన టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఆ మూలకి చూడరు. ఇరవై లైన్లు కూడా దాటని ఒక బాష్ స్క్రిప్టుతో (వరసగా నడిచే కమాండ్లు రాసిన ఫైలు) ఆ లోటు తీరుతుంది.

నా ఉద్దేశంలో అలర్ట్ అంటే పది శాతానికి వచ్చాక మోగేది మాత్రమే కాదు. ఛార్జింగ్ ఆగిన నిమిషంలోనే ఒకసారి చెప్పాలి. స్విచ్ వేయడం మర్చిపోయినా, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో పిన్ను వదులైనా, కరెంటు పోయినా అప్పటికి బ్యాటరీ నిండుగానే ఉంటుంది, మన చేతిలో టైము ఉంటుంది. శాతం చూసి చెప్పే అలర్ట్ దాని తర్వాతే.

ముందు బ్యాటరీ ఎక్కడుందో చూసుకోండి

లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) బ్యాటరీ వివరాలన్నీ మామూలు ఫైళ్లలా చూపిస్తుంది. సిస్ ఫోల్డర్‌లో క్లాస్, అందులో పవర్ సప్లై (రెండు మాటల మధ్య అండర్‌స్కోర్ ఉంటుంది), అందులో పెద్ద అక్షరాల్లో బ్యాట్ 0 అనే ఫోల్డర్ ఉంటుంది. కొన్ని లాప్‌టాప్‌లలో బ్యాట్ 1 అని ఉంటుంది. కొన్ని పాత థింక్‌ప్యాడ్‌లకి రెండు బ్యాటరీలు కాబట్టి రెండూ కనిపిస్తాయి. అందుకే ఊహించి రాయకుండా, ఫోల్డర్‌లో ఏముందో చూపించే ఎల్‌ఎస్ కమాండ్ కొట్టి చూడండి.

ఆ ఫోల్డర్‌లో మనకి కావలసినవి రెండే ఫైళ్లు. కెపాసిటీ ఫైల్లో 0 నుంచి 100 లోపు ఒక అంకె ఉంటుంది. స్టేటస్ ఫైల్లో ఒక మాట ఉంటుంది: ఛార్జింగ్, డిస్‌ఛార్జింగ్, ఫుల్, నాట్ ఛార్జింగ్, లేదంటే అన్‌నోన్. స్క్రిప్టు పట్టించుకోవలసింది డిస్‌ఛార్జింగ్ ఒక్కదాన్నే. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగు పెట్టుకున్నవాళ్లకి ప్లగ్గులో ఉన్నా నాట్ ఛార్జింగ్ అని వస్తుంది. ‘ఛార్జింగ్ కానిదల్లా బ్యాటరీయే’ అన్నట్టు రాస్తే ఊరికే అరుస్తుంది.

సందేశం చూపించేదాన్ని పెట్టుకోండి

నోటిఫై సెండ్ అనే కమాండ్ సందేశాన్ని పంపుతుంది, దాన్ని తెర మీద చూపించడానికి ఇంకొకటి కావాలి. ఐ3లో దానికి డన్‌స్ట్ సరిపోతుంది, స్వేలో అయితే మాకో. డెబియన్, ఉబుంటులలో నోటిఫై సెండ్ కోసం లిబ్‌నోటిఫై బిన్ ప్యాకేజీ వేసుకోవాలి. సందేశం తెలుగులోనే రాయండి, ‘ఛార్జింగ్ ఆగింది, స్విచ్ చూడండి’ అని కనిపిస్తే కన్ను వెంటనే పట్టుకుంటుంది. అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే నోటో తెలుగు లాంటి ఫాంటు వేస్తే చాలు.

ఇక స్క్రిప్టు

ఫైలు పైన బ్యాటరీ ఫోల్డర్ దారిని ఒక వేరియబుల్‌లో పెట్టండి. దాన్ని లూప్ లోపల విడివిడిగా రాయకండి, ఎందుకో పరీక్ష దగ్గర తెలుస్తుంది. దాని కింద పాత మెట్టు (మెట్టు అంటే హెచ్చరిక స్థాయి) అని ఒక వేరియబుల్ పెట్టి సున్నా ఇవ్వండి. ఆ తర్వాత ఆగకుండా తిరిగే వైల్ లూప్ మొదలుపెట్టండి.

లూప్‌లో ముందుగా రెండు ఫైళ్లనీ క్యాట్ కమాండ్‌తో చదవాలి. తర్వాత కొత్త మెట్టు తేల్చాలి. స్టేటస్ డిస్‌ఛార్జింగ్ కాకపోతే మెట్టు 0. డిస్‌ఛార్జింగ్ అయితే 1. శాతం 25కి గానీ అంతకంటే కిందికి గానీ వస్తే 2. పదికి దిగితే 3.

ఇప్పుడు అసలు కిటుకు. కొత్త మెట్టు పాతదానికంటే పెద్దదైతేనే సందేశం పంపి, పాత మెట్టుని కొత్తదానితో మార్చాలి. కొత్త మెట్టు సున్నా అయితే పాతదాన్ని కూడా సున్నా చేయాలి. మిగతా సందర్భాల్లో దేన్నీ ముట్టుకోకూడదు. ఇలా చేస్తే ఒక్కో మెట్టుకి ఒక్కసారే చెబుతుంది. శాతం 25కీ 26కీ మధ్య ఊగిసలాడినా మళ్లీ మళ్లీ చెప్పదు. అరనిమిషానికోసారి అదే సందేశం వస్తుంటే మనం చదవకుండానే మూసేయడం అలవాటు చేసుకుంటాం, అసలు అవసరమైన రోజు కూడా అలాగే మూసేస్తాం. లూప్ చివర స్లీప్ 30 (ముప్పై సెకన్లు ఆగమని) పెట్టండి. రెండు చిన్న ఫైళ్లు చదవడమే కాబట్టి దీనివల్ల బ్యాటరీకి భారమేమీ ఉండదు.

అంకెల్ని పోల్చేటప్పుడు జాగ్రత్త. ఒంటి చదరపు బ్రాకెట్లలో ‘పెద్దది’ గుర్తు వాడితే బాష్ దాన్ని పోలికగా తీసుకోదు, ఫైల్లోకి రాయమన్నట్టు తీసుకుంటుంది. శాతం 25 కంటే పెద్దదా అని మీరు అడిగితే, 25 అనే పేరుతో ఒక ఖాళీ ఫైలు తయారవుతుంది! పెద్దదా అనడానికి హైఫన్ జీటీ, సమానం లేదా చిన్నది అనడానికి హైఫన్ ఎల్‌ఈ వాడండి.

సందేశాల తీరు కూడా మెట్టుని బట్టి మారాలి. మొదటి మెట్టుకి నోటిఫై సెండ్‌లో అర్జెన్సీని ‘లో’ (తక్కువ) అని పెట్టండి, కనిపించి దానంతట అదే పోతుంది. మీరే కావాలని ప్లగ్గు తీసినప్పుడు కూడా అది వస్తుంది, ఇబ్బందేమీ ఉండదు. మూడో మెట్టుకి ‘క్రిటికల్’ అని పెట్టండి. డన్‌స్ట్ మామూలు సెట్టింగుల్లో క్రిటికల్ సందేశం మనం మూసేదాకా తెర మీదే ఉంటుంది. పక్కగదికి వెళ్లే అలవాటుంటే, రాసినదాన్ని చదివి వినిపించే ఈస్పీక్ ఎన్‌జీ వేసుకోండి. దానికి తెలుగు గొంతు కూడా ఉంది, పలుకు కాస్త మొరటుగా ఉన్నా ‘ఛార్జర్ పెట్టండి’ అన్న మాట ఫ్యాను చప్పుడులో కూడా అర్థమవుతుంది.

25, 10 మీకు సరిపోతాయా?

సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ అయితే ఇది తప్పకుండా చూసుకోవాలి. అదే ఫోల్డర్‌లో ఎనర్జీ ఫుల్, ఎనర్జీ ఫుల్ డిజైన్ అని రెండు ఫైళ్లుంటాయి (కొన్నింట్లో ఎనర్జీ బదులు ఛార్జ్ అని ఉంటుంది). మొదటిది ఇప్పుడు పట్టే ఛార్జి, రెండోది కొత్తలో పట్టింది. ఎనర్జీ అని ఉంటే ఆ అంకెలు మైక్రో వాట్ అవర్లలో ఉంటాయి, పది లక్షలతో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. ఒక లాప్‌టాప్‌లో డిజైన్ 48, ఇప్పుడు 29 ఉందనుకుందాం. పది శాతం అంటే 2.9 వాట్ అవర్లు. లాప్‌టాప్ పది వాట్లు తింటుంటే లెక్క ప్రకారం పదిహేడు నిమిషాలు. అరిగిన బ్యాటరీ చివర్లో ఆ లెక్క కూడా నిలబెట్టుకోదు, ఉన్నట్టుండి పడిపోతుంది. మన కోస్తా ఎండాకాలం వేడికి లిథియం బ్యాటరీ ఇంకా తొందరగా అరుగుతుంది. అలాంటప్పుడు 40, 20 పెట్టుకోవడమే మంచిది.

లాగిన్ అవగానే మొదలయ్యేలా

ఫైలుకి సీహెచ్‌మాడ్ కమాండ్‌తో నడిచే అనుమతి ఇచ్చి, ఐ3 కాన్ఫిగ్ ఫైల్లో ఎగ్జెక్ అని రాసి దాని పూర్తి దారి ఇవ్వండి. ఎగ్జెక్ ఆల్వేస్ వద్దు. ఐ3ని రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ ఇంకో కాపీ మొదలై, ఒకే సందేశం రెండుమూడు సార్లు వస్తుంది. టైము ప్రకారం పనులు నడిపే క్రాన్‌లో పెట్టమని కూడా చాలామంది చెబుతారు. క్రాన్ మన డెస్క్‌టాప్ సెషన్‌కి బయట నడుస్తుంది, సందేశాలు వెళ్లే దారి అయిన డీబస్ అడ్రస్ దానికి తెలీదు, కాబట్టి స్క్రిప్టు నడిచినా సందేశం మాత్రం కనిపించదు. ఐ3 నుంచే మొదలుపెడితే ఆ తలనొప్పి లేదు.

పరీక్ష

దీనికోసం బ్యాటరీని పది శాతానికి దించక్కర్లేదు. హోమ్‌లో ఒక ఫోల్డర్ చేసి, అందులో కెపాసిటీ, స్టేటస్ అని రెండు టెక్స్ట్ ఫైళ్లు పెట్టండి. స్క్రిప్టు పైన ఉన్న దారిని ఆ ఫోల్డర్‌కి మార్చి, స్లీప్‌ని 2 చేసి నడపండి. స్టేటస్ మాటల స్పెల్లింగు, పెద్ద అక్షరంతో సహా కెర్నల్ ఇచ్చినట్టే ఉండాలి. ఇప్పుడు డిస్‌ఛార్జింగ్ అని రాసి అంకెని 60, 24, 26, 24, 9 అని, ఒక్కోదాని దగ్గర మూడు నాలుగు సెకన్లు ఆగుతూ, వరసగా మారుస్తూ పోండి. మూడే సందేశాలు రావాలి. 26కి వెళ్లి మళ్లీ 24కి వచ్చినప్పుడు ఏమీ రాకూడదు. తర్వాత ఛార్జింగ్ అని మార్చి, మూడు నాలుగు సెకన్లు ఆగి, మళ్లీ డిస్‌ఛార్జింగ్ చేస్తే 9 దగ్గరే క్రిటికల్ సందేశం మళ్లీ రావాలి. అన్నీ సరిగ్గా వస్తే దారినీ స్లీప్‌నీ మామూలుగా మార్చేసి, ఛార్జర్ పెట్టిన స్విచ్ బోర్డు దగ్గరికి వెళ్లి స్విచ్ ఆపండి. అరనిమిషంలోపు మొదటి సందేశం రావాలి.