‘ఫాంటమ్ టోల్‌బూత్’ను పిల్లలతో తెలుగులో చూడటం ఎలా?

నిరుడు బతుకమ్మ సెలవులకు మా చెల్లె పిల్లలు హైదరాబాద్ నుంచి హనుమకొండ వచ్చారు. మేనకోడలికి పదేళ్లు, చిన్నోడికి ఏడు. నాకిష్టమైన పాత ఇంగ్లిష్ బొమ్మల సినిమా ‘ఫాంటమ్ టోల్‌బూత్’ చూపిద్దామని ఇద్దరినీ టీవీ ముందు కూర్చోబెట్టి, ప్రతి డైలాగుకూ పక్కనుంచి తెలుగు చెప్పడం మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలకు చిన్నోడు లేచి క్యారమ్స్ బోర్డు వైపు నడిచాడు. పోతూ పోతూ, “మామా, నువ్వు మాట్లాడుడు ఆపితే సినిమా మంచిగనే ఉంటదేమో” అన్నాడు.

తప్పు సినిమాది కాదు, నాది. నాలుగు రోజులాగి మళ్లీ పెట్టాను. ఈసారి ముందే కొంత సిద్ధం చేసుకున్నాను, కుదిరింది. ఇంట్లో పిల్లలుంటే మీరూ ప్రయత్నించండి. ఎనిమిదేళ్ల నుంచి పన్నెండేళ్ల వాళ్లకు బాగా పనికొస్తుంది. ఏడేళ్ల వాళ్లను కూర్చోబెట్టాలంటే ఒక అట్టపెట్టె కావాలి, దాని సంగతి తర్వాత చెప్తాను.

మొదటి పని: ముందు మీరు ఒక్కరే చూడండి

‘ది ఫాంటమ్ టోల్‌బూత్’ 1970లో వచ్చింది. తీసింది హాలీవుడ్ స్టూడియో ఎంజీఎం, దర్శకుల్లో ముఖ్యుడు చక్ జోన్స్. రోడ్ రన్నర్‌నూ, దాని వెంటపడి లోయలో పడే నక్కనూ సృష్టించినాయన. టామ్ అండ్ జెర్రీ బొమ్మలు కూడా కొన్నాళ్లు తీశాడు. పిల్లలకు ఈ ఒక్క ముక్క చెప్పండి, సగం నమ్మకం కుదురుతుంది. ఎంజీఎంకు ఇదే మొదటి పూర్తి నిడివి యానిమేషన్ సినిమా. తయారయ్యాక కూడా స్టూడియో గొడవల్లో పడి కొంతకాలం విడుదల కాలేదు. చివరికి విడుదలైనా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, ఆ తర్వాత అక్కడి యానిమేషన్ విభాగమే మూతపడింది. అందుకే మనవైపు దీని పేరు విన్నవాళ్లు తక్కువ.

మూలం మాత్రం పిల్లల పుస్తకాల్లో పేరున్నది. 1961లో నార్టన్ జస్టర్ రాశాడు, జూల్స్ ఫైఫర్ బొమ్మలు వేశాడు. జస్టర్ వృత్తికి ఆర్కిటెక్ట్. నగరాల గురించి పిల్లలకు పుస్తకం రాస్తానని గ్రాంటు తీసుకుని, అది రాయబుద్ధి కాక ఇది రాశాడు. ఎగ్గొట్టిన హోంవర్క్ నుంచి పుట్టిన పుస్తకం అన్నమాట.

కథ చిన్నదే. మైలో అనే పిల్లవాడికి ఏం చేసినా బోర్. ఒకరోజు ఇంటికి ఒక టోల్‌గేట్ పార్సిల్ వస్తుంది. బొమ్మ కారెక్కి ఆ గేటు దాటితే వేరే లోకం. అక్కడ ఒక రాజుకు మాటలే గొప్ప, అతని అన్నదమ్ముడికి లెక్కలే గొప్ప. రెండూ సమానమేనని తీర్పు చెప్పినందుకు ఇద్దరు రాజకుమార్తెలను గాల్లో మేడకు తరిమేశారు. వాళ్లను తిరిగి తేవాలి. హనుమకొండలో పదో తరగతి పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఈ గొడవ కొత్తగా చెప్పక్కర్లేదు.

చూస్తూ నోట్‌బుక్‌లో రెండే రెండు రాసుకోండి. ఎక్కడెక్కడ మాటతో ఆడుకున్నాడు, ఎక్కడ మీకే విసుగొచ్చింది. ఈ రెండో జాబితా ఎంత నిజాయితీగా ఉంటే అంత మంచిది. నా జాబితాలో పాటలే ఎక్కువ. మనసుకు హత్తుకునే పాట ఒక్కటీ లేదని నా అభిప్రాయం. వాటిని ముందుకు జరిపినా కథకు లోటు రాదు, మొహమాటపడకండి.

రెండో పని: ఇంట్లో టోల్‌గేట్ కట్టండి

హైదరాబాద్ నుంచి వరంగల్ వచ్చే దారిలో బీబీనగర్ దగ్గర గూడూరు టోల్‌గేట్, జనగామ దాటాక కోమళ్ల టోల్‌గేట్ ఉంటాయి. మా పిల్లలకు టోల్‌గేట్ అంటే కారు ఆగే చోటు, నాన్న ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ ఉందో లేదో అని టెన్షన్ పడే చోటు. కాబట్టి సినిమా పేరు చెప్పగానే చిన్నోడు అడిగిన మొదటి ప్రశ్న, “ఆ పిల్లగానికి ఫాస్టాగ్ ఉందా?”

ఫ్రిజ్‌దో వాషింగ్ మెషీన్‌దో అట్టపెట్టె దొరికితే రెండు వైపులా కోసి నిలబెట్టండి. పాత చీపురు కట్టకు ఎరుపు, తెలుపు కాగితాలు చుడితే అడ్డగేటు తయారు. ఒక చివర రాయి కట్టాలి, లేకపోతే ఎత్తినప్పుడు గేటు పైన ఆగదు, చూసేవాళ్ల నెత్తిన పడుతుంది. మాది రెండుసార్లు పడింది. టోలు కింద పిల్లలు ఒక మాట ఇవ్వాలి, ఆ రోజు కొత్తగా విన్న మాట ఏదైనా సరే. మాట ఇస్తేనే గేటు లేస్తుంది, సినిమా మొదలవుతుంది.

ఇది ఆటకోసమే కాదు. సినిమా మొదట్లో మైలో మామూలు మనిషే, నిజం కెమెరాతో తీసిన పిల్లవాడు. గేటు దాటినప్పుడే బొమ్మగా మారతాడు. ఆ మొదటి భాగం నెమ్మది, “ఇది బొమ్మల సినిమా అన్నవు గదా” అని పిల్లలు నిలదీస్తారు. గేటు తామే ఎత్తి దాటిన పిల్లలు మాత్రం మైలో ఎప్పుడు దాటతాడా అని ఓపిగ్గా ఎదురుచూస్తారు.

మూడో పని: అనువాదం మానేయండి, మన మాట వెతకండి

అసలు పనంతా ఇక్కడే ఉంది. ఈ కథలో హాస్యం మొత్తం ఇంగ్లిష్ మాటల లోపల ఉంటుంది. వాక్యాన్ని తెలుగు చేస్తే అర్థం మిగులుతుంది, నవ్వు ఎగిరిపోతుంది. మొదటిసారి నేను చేసిన తప్పు అదే. రెండోసారి ఒక్కో జోకుకూ తెలుగులో అలాంటి ఆట ఉందా అని వెతికాను. సగానికి పైగా దొరికాయి. ఎక్కువ దొరికింది నా దగ్గర కాదు, మా అమ్మ దగ్గర.

మైలో వెంట తిరిగే కుక్క ఉంది, పేరు టాక్. దాని ఒంట్లో పెద్ద గడియారం ఉంటుంది. వాచ్ అంటే గడియారం, వాచ్ అంటే కాపలా, అందుకని అది వాచ్‌డాగ్. దీన్ని కాపలా కుక్క అంటే గడియారం పోతుంది, గడియారం కుక్క అంటే కాపలా పోతుంది. రెండు రోజులు బుర్ర గోక్కున్నాను. మూడో రోజు రాత్రి మా అమ్మ చిన్నోడిని, “బిడ్డా, తలుపు గడియ పెట్టిరాపో” అంది. వాడు గడియ పెట్టి వచ్చాడు. నేను కూర్చున్నచోటు నుంచి లేచాను.

గడియ అంటే తలుపుకు పెట్టేది. గడియ అంటే 24 నిమిషాలు కూడా, రోజుకు అరవై గడియలు, గడియారం అన్న మాటలో ఉన్నది అదే. ఇంటికి కాపలా, కాలానికి లెక్క, రెండూ ఒకే మాటలో ఉన్నాయి. టాక్ ఆ రాత్రి నుంచి మా ఇంట్లో గడియకుక్క అయింది. సినిమా నిడివి సుమారు గంటన్నర అంటే మేనకోడలు కాగితం మీద లెక్కేసి, “నాలుగు గడియలకు ఆరు నిమిషాలు తక్కువ” అని తేల్చింది.

తర్వాతివి తేలిగ్గానే దొరికాయి. టైమ్‌ను చంపుతున్నా అని మైలో అంటే గడియకుక్కకు కోపం నషాళానికి ఎక్కుతుంది, కాలాన్ని వృథా చేయడమే తప్పు, చంపుతావా అని. మనం కాలాన్ని చంపం, పాస్ చేస్తాం. రైల్లో పల్లీలమ్మేవాళ్లు వాటినే టైంపాస్ అంటారు. కుక్క ముందు టైంపాస్ అనొద్దని చెప్తే పిల్లలకు విషయం ఎక్కేసింది. గొప్పలకు పోయే హంబగ్ అనే పురుగు ఉంది, దాన్ని బిల్డప్ పురుగు అన్నాం. వాన ఎలా కురుస్తుందో కాదు, అసలు వస్తుందా రాదా అన్నదే తన పని అనే పెద్దమనిషి వస్తదో రాదో తాత అయ్యాడు.

ఇద్దరు రాజకుమార్తెల పేర్లు రైమ్, రీజన్. ఆ రెండూ లేకపోవడం అంటే ఇంగ్లిష్‌లో అర్థంపర్థం లేకపోవడం. మనం దాన్నే తలా తోకా లేకపోవడం అంటాం. వాళ్లను తరిమేశాక ఆ రాజ్యానికి తలా తోకా లేకుండా పోయింది అని చెప్పండి, ఇంకేం వివరించక్కర్లేదు. వాళ్లను పెట్టిన చోటుకైతే వెతకాల్సిన పనే లేదు. బొమ్మ తెర మీదికి రాగానే మా అమ్మ, “గాల్లో మేడలు గట్టుడంటే ఇదేనా!” అంది. ఆమెకు ఇంగ్లిష్ రాదు, అయినా ఇద్దరు పిల్లలకన్నా ముందు జోకు అందుకున్నది ఆమే.

కొన్ని దొరకవు. పుస్తకంలో పొట్టి పోలీసు ఒకడు మైలోను, పొడుగు సెంటెన్స్ కావాలా పొట్టిది కావాలా అని అడుగుతాడు. సెంటెన్స్ అంటే వాక్యం, శిక్ష కూడా. తెలుగులో వాక్యానికీ శిక్షకూ సంబంధం లేదని దీన్ని వదిలేద్దామనుకున్నాను. మేనకోడలు ఊరుకోలేదు. “ఉంది మామా, ఇంపోజిషన్. ఒక్క వాక్యం వందసార్లు రాస్తే అది శిక్షే.” నోట్‌బుక్‌లో దాటేసిన వరుసను మళ్లీ రాసుకున్నాను. మీ నోట్‌బుక్‌లోనూ దొరకనివాటిని కొట్టేయకండి, ఖాళీ వదిలి పిల్లల్ని అడగండి.

బడిపలుకులు, పలుకుబడులు అని రెండు ముక్కల్ని అటూ ఇటూ మార్చి మా ఓరుగల్లు కవి కాళోజీ ఒక పెద్ద వాదమే చేశారు. ఈ ఊళ్లో పుట్టిన పిల్లలకు మాటల ఆట పరాయిది కాదు.

నాలుగో పని: ఎక్కడ ఆపాలో ముందే అనుకోండి

ఏకబిగిన చూపించకండి. రెండు రోజులు చేయండి, మూడైనా తప్పులేదు. మొదట ఆపాల్సిన చోటు డోల్‌డ్రమ్స్. అది బద్ధకపు దేశం, అక్కడ ఆలోచించడం నిషేధం. కారు కూడా కదలదు. బయటపడే దారి ఒక్కటే, ఆలోచించడం. ఇక్కడ పాజ్ నొక్కి పిల్లలనే కారు నడపమనండి. వంతులవారీగా ఏదో ఒక నిజం చెప్పాలి, తొమ్మిది ఏడ్లు అయినా సరే, రామప్ప గుడి ఏ జిల్లాలో ఉందో అయినా సరే. ఆగితే కారు ఆగినట్టు. మా చిన్నోడు పదకొండు దాకా ఆపకుండా లాగాడు. అందులో రెండు అబద్ధాలు, అక్క పట్టుకుంది.

రెండో చోటు చివర్లో వచ్చే భూతాలు. అందులో ట్రివియం అనేవాడికి ముఖం ఉండదు, మంచి బట్టలేసుకుని మర్యాదగా మాట్లాడతాడు. ఇసుక కుప్పను చిన్న పట్టకారుతో ఒక్కో రేణువు తీసి పక్కన పెట్టమంటాడు. బావిలో నీళ్లను చుక్కల మందు గొట్టంతో తోడమంటాడు. వినయంగానే చెప్తాడు, అదే భయం. చిన్నపిల్లలు రాత్రిపూట చూస్తే జడుసుకోవచ్చు, కాబట్టి ఈ భాగం పగలు పెట్టండి. ముందుగా ప్లేటులో చారెడు బియ్యం, కనుబొమ్మల ట్వీజర్ ఇచ్చి, ఒక్కో గింజ పక్క ప్లేటులోకి వేయమనండి, అయిదు నిమిషాలు. ఎందుకు వేయాలో చెప్పకండి. తర్వాత సినిమా పెట్టండి.

ఐదో పని: పుస్తకం నుంచి కొన్ని పేజీలు

జస్టర్‌కు ఈ సినిమా నచ్చలేదు. పుస్తకం చదివినవాళ్లకు కారణం ఊహించడం కష్టం కాదు, గంటన్నరలో పట్టనిది చాలా ఉంది. మొత్తం చదివించే ఓపిక ఎవరికీ ఉండదు, మూడు చోట్లు చాలు.

ఒకటి రంగుల వాద్యబృందం. ఆ లోకంలో రంగులన్నీ ఒక ఆర్కెస్ట్రా వాయిస్తేనే పుడతాయి. ఉదయం 5 గంటల 23 నిమిషాలకు తనను లేపమని నాయకుడు పడుకుంటే, మైలో తానే వాయిద్యాలు నడిపించబోయి మొత్తం గందరగోళం చేస్తాడు, కొన్ని నిమిషాల్లో వారం గడిచిపోతుంది. వీలైతే దీన్ని పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద చదవండి.

రెండోది విందు. అక్కడ ఎవరి మాటలు వాళ్లే తినాలి. ఈ పేజీ అయ్యాక ఒక ఆట ఆడండి, తెలుగులో మనం ఏమేం తింటాం? అన్నం, కూర లెక్కలోకి రావు. మావాళ్లు తేల్చినవి తిట్లు, దెబ్బలు, బుర్ర, వడ్డీ, లంచం, గడ్డి. “నా పానం తింటున్నరు” అని వంటింట్లోంచి ఏడోది వచ్చింది.

మూడోది అంకెల గని. అక్కడ అంకెలు భూమిలోంచి తవ్వి తీస్తారు. వజ్రాలూ కెంపులూ దొరికితే చెత్తలో పారేస్తారు. విరిగిపోయిన అంకెలను భిన్నాలకు వాడతారు. ఇక్కడ గని అని చదివితే పిల్లలు తలూపి ఊరుకున్నారు, బాయి అనగానే లేచి కూర్చున్నారు. వాళ్ల తాత గోదావరిఖనిలో బాయి పని, అంటే బొగ్గు గనిలో పని, చేసి రిటైరయ్యాడు మరి. “ఆళ్లకు కూడా మూడు షిఫ్టులుంటయా? రాత్రి షిఫ్టుల ఏ అంకెలు తీస్తరు?” అని చిన్నోడు అడిగాడు. సున్నాలు అన్నాను. వాడు నమ్మాడనుకుంటున్నాను.

గనిలో పని చూశాక మైలోకు తీసివేత పులుసు పోస్తారు. ఎంత తింటే అంత ఆకలి. ఇది మాత్రం భోజనం ముందు చదవొద్దు, గిన్నెలు ఖాళీ అయ్యాయి.

అట్టపెట్టెను వెంటనే పారేయకండి, వారం రోజులు పనికొస్తుంది. మా చెల్లె పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు గుమ్మంలో ఆపి టోలు అడిగారు. ఆమె ఏ మాట ఇచ్చిందో నాకు చెప్పలేదు. రెండు గంటల తర్వాత ఫోన్. వెనుక హారన్లు మోగుతున్నాయి, చిన్నోడు అరుస్తున్నాడు: “మామా, గూడూర్ల ఉన్నం, ఇప్పుడే గడియ దీసిండ్రు!”