వెబ్‌సైట్ చేయించే ముందు ఏది ఎందుకో తెలుసుకోండి

నా దగ్గరకు వచ్చేవారు చాలామంది ముందే "రియాక్ట్‌లో చేస్తారా?" అని అడుగుతారు. రియాక్ట్ అంటే వెబ్ పేజీల్లో తెరపై కనిపించే భాగాన్ని కట్టే ఒక సాధనం. సైటులో రోజూ ఏమేం మారుతుందని నేను అడుగుతాను. సాధనం ఎంపిక అక్కడే తేలుతుంది.

కంప్యూటర్‌లో ఏదైనా వెబ్ పేజీ తెరిచి ఎఫ్12 నొక్కండి. చాలా బ్రౌజర్లలో ఆ పేజీ వెనకున్న కోడ్ కనిపిస్తుంది. శీర్షికలు, పేరాలు హెచ్‌టీఎంఎల్. రంగులు, అమరిక సీఎస్ఎస్. బటన్ నొక్కగానే కదలిక తెచ్చేది జావాస్క్రిప్ట్.

సంస్థ పరిచయం, సేవల వివరాలే అయితే 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ అనే రెడీమేడ్ సైటు సాఫ్ట్‌వేర్ చాలు. రాతలు మీరే మార్చుకోవచ్చు.

ఆర్డర్లు, చెల్లింపులు ఉంటే సర్వర్ ప్రోగ్రామ్ (సైటును నడిపే కంప్యూటర్‌లో పనిచేసేది), డేటాబేస్ (ధరలు, ఆర్డర్ల వివరాలు దాచే చోటు) తప్పనిసరి. ఇక్కడ మాత్రం నేను పట్టుబడతాను: బ్రౌజర్ పంపిన ధరను నమ్మకూడదు, దాన్ని ఎవరైనా మార్చి పంపగలరు. సర్వర్ తన డేటాబేస్‌లోని ధరతోనే మొత్తం లెక్కగట్టాలి. తయారుచేసేవారిని ఈ సంగతి తప్పక అడగండి.

తెరపై సమాచారం క్షణక్షణం మారే అప్లికేషన్లకైతే రియాక్ట్ బాగా పనికొస్తుంది.

డొమైన్, అంటే సైటు చిరునామా, మాత్రం మీ పేరు మీదే నమోదు చేయించండి.