రాబిన్ పిట్టను, ఫ్లై అగారిక్ పుట్టగొడుగును పోల్చి నమోదు చేయడం ఎలా?

యూరప్ అడవుల్లో శరదృతువులో ఈ రెండూ ఒకే బాటలో కనబడతాయి. రాబిన్‌కు రొమ్ము ఎరుపు, ఫ్లై అగారిక్‌కు గొడుగు ఎరుపు కాబట్టి రెండింటికీ ఎరుపే గుర్తంటారు. ఆ ఎరుపునే నమ్ముకుంటే రెండు చోట్లా పొరపాటు పడతాం.

ముందు దేన్ని ‘ఒకటి’గా లెక్కిస్తున్నారో తేల్చుకోండి. చలికాలంలో రాబిన్ ఆడది, మగది విడివిడిగా తమ హద్దులు కాచుకుంటూ పాడతాయి కాబట్టి పాడే ప్రతి పిట్టనూ ఒకటిగా రాయొచ్చు. గూళ్లు కట్టే కాలంలో పాడేది ఎక్కువగా మగదే. అప్పుడు పాట ఒక హద్దుకు గుర్తు, అక్కడున్న పిట్టల సంఖ్యకు కాదు. పుట్టగొడుగు సంగతి వేరు. పైకి వచ్చింది చెట్టుకు కాయ లాంటిది. అసలు జీవి మట్టిలో బర్చ్, పైన్ చెట్ల వేర్లను అల్లుకున్న శిలీంధ్రజాలం, అంటే సన్నని దారాల అల్లిక. పక్కపక్కనున్న పది గొడుగులూ ఒకే జీవివి కావచ్చు. ‘గొడుగులు 10’ అనే రాయండి.

తర్వాత వయసు చూడండి. పిల్ల రాబిన్‌కు ఎర్ర రొమ్ము ఉండదు, గోధుమరంగు ఒంటి మీద లేత చుక్కలుంటాయి. ఫ్లై అగారిక్ మీది తెల్ల పొక్కులు వానకు కొట్టుకుపోతాయి, ఎరుపు వెలిసి నారింజకు తిరుగుతుంది. దాన్ని తినదగిన సీజర్ అమనీటా పుట్టగొడుగు అనుకోవడం ప్రమాదకరం, ఎందుకంటే ఫ్లై అగారిక్ విషం. కాడ పట్టి పీకితే అసలైన ఆనవాలు మట్టిలోనే ఉండిపోతుంది. చాకుతో చుట్టూ తవ్వి మొదలుతో సహా తీయండి. మొప్పలు (గొడుగు అడుగున రేకుల్లాంటి మడతలు) తెల్లగా ఉండి, ఉబ్బిన మొదలు మీద పొలుసుల వలయాలుంటే ఫ్లై అగారిక్. సీజర్‌కు మొప్పలు, కాడ పసుపు, అడుగున తెల్ల సంచి. ఎంత నమ్మకంగా గుర్తుపట్టినా తినడానికి దీన్ని ఆధారం చేసుకోవద్దు.

చివరగా రుజువు. పిట్టకైతే నిలుచున్న చోటి నుంచే రెండు మూడు నిమిషాల పాట రికార్డు చేయండి. దాన్ని అక్కడే తిరిగి వినిపించొద్దు. మరో పిట్ట హద్దులోకి వచ్చిందనుకుని మేత మాని పోట్లాటకు వస్తుంది.

పుట్టగొడుగుకైతే సిద్ధబీజాల ముద్ర కావాలి, అంటే మొప్పల నుంచి పొడిలా రాలే సిద్ధబీజాలు (స్పోర్లు) కాగితం మీద వదిలే గుర్తు. విచ్చుకున్న గొడుగును కాడ నుంచి కోసి, మొప్పలు కిందికి ఉండేలా సగం నలుపు, సగం తెలుపు కాగితం మీద పెట్టండి. పైన ఒక నీటిచుక్క వేసి, గాలి తగలకుండా గాజుగిన్నె బోర్లించి రాత్రంతా వదిలేయండి. ఫ్లై అగారిక్ ముద్ర తెలుపు, అందుకే తెల్ల కాగితం ఒక్కటే వాడితే ఏమీ రాలేదనిపిస్తుంది. నిజంగానే రాకపోతే గొడుగు ఇంకా మొగ్గ దశలో ఉందో, ఎండిపోయిందో అనుకోవాలి. మరో గొడుగుతో మళ్లీ చేయండి.