ఉక్కు ఉద్యమం మీద వీధినాటకం ఎలా వేయాలి?

విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కావాలని సాగిన ఉక్కు ఉద్యమం మీద నాటకం అనగానే మన కుర్రాళ్లు చేసేది ఒకటే. పిడికిలెత్తి ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అని పదిసార్లు అరిచి, చివర్లో ఒకడు కింద పడిపోతాడు. జనం చప్పట్లు కొట్టి మురీ మిక్చర్ బండి దగ్గరికి పోతారు.

సామాను: ఒక డప్పు, రెండు తువ్వాళ్లు, నాలుగు చెక్కపెట్టెలు. మనుషులు ఆరుగురు, ఏడో మనిషి వస్తే గొడవే. నల్ల కుర్తాలు వద్దు. నిడివి 25 నిమిషాలు. పోలీసుల అనుమతి ముందే తీసుకోండి.

తేదీలు అట్టముక్క మీద రాసి రిహార్సల్ గదిలో అంటించండి. 1966 నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా పోయింది 32 మంది అంటారు. 1970 ఏప్రిల్ 17న ఫ్యాక్టరీ పెడతామని ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన, 1971 జనవరి 20న శంకుస్థాపన. 2021 జనవరి 27న ఆ ఫ్యాక్టరీలో నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్రం ఆమోదం. ఇవి మీరు తెలుసుకోవడానికి, నాటకంలో చదవడానికి కాదు.

అసలు కష్టం పెద్దవాళ్ల దగ్గర కూర్చోవడంలో ఉంది. ఇక్కడే అందరూ చెడగొడతారు. “ఉద్యమం గురించి చెప్పండి తాతా” అని అడిగితే పేపర్లో చదివిందే తిరిగి చెప్తారు. “ఆ రోజు ఇంట్లో ఏం వండారు?” అని అడగండి. అగనంపూడి నిర్వాసిత కాలనీలో ఒక మామ్మని అలాగే అడిగాను. “గంజి పొయ్యి మీదుంది బాబూ. కాల్పులని కబురొచ్చింది. ఏటి సెయ్యాలో తెలీక పొయ్యి ఆర్పీసినాను” అంది. గరిటె తిప్పుతున్నట్టు చెయ్యి కాసేపు గాల్లోనే ఆడింది. నాటకంలో ఆ చెయ్యే చూపించాం, మాట పెట్టలేదు.

మాట పెట్టేచోట యాస మార్చకండి. సినిమాలు మన ఉత్తరాంధ్ర యాసని నవ్వులకి వాడీవాడీ పాడుచేశాయి. మీ నటుడు ‘ఏటి’ అంటే జనం నవ్వుతున్నారా, వాడు సినిమాని అనుకరిస్తున్నాడని అర్థం. ఆ పాత్ర వేరేవాడికి ఇవ్వండి.

ఇద్దరి జ్ఞాపకాలు కలవకపోతే? ఒకాయన ఆ రోజు వాన పడిందంటాడు, పక్కనే కూర్చున్న తమ్ముడు ఎండ మాడ్చేసిందంటాడు. ఒకరికి ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. భూమిచ్చిన పక్కింటావిడ ఆర్ కార్డు (ఉద్యోగం కోసం నిర్వాసితులకిచ్చిన కార్డు) ఇంకా ట్రంకుపెట్టెలోనే ఉంది. ఆవిడ ముందు ఆ నినాదం అంటే ముఖం తిప్పుకుంటుంది. ఏది నిజమో తేల్చి రెండోది కొట్టేయాలనిపిస్తుంది. కొట్టేయకండి. బుర్రకథలో కథకుడికి ఒక పక్క హాస్యం, ఇంకో పక్క రాజకీయం చెప్పే వంతలు ఉంటారు కదా, ఈ రెండు మాటలూ వాళ్లిద్దరికీ పంచండి. కథకుడు తీర్పు చెప్పకూడదు. వేరే పద్ధతులు నేనూ చూశాను, అన్నీ చివరికి ఉపన్యాసాలే అయ్యాయి.

అయితే వాన పడిందా లేదా అన్నది ఎలా ఉన్నా పర్వాలేదు గానీ, పోయినవాళ్ల లెక్క, తేదీలు మీ ఇష్టానికి మార్చడానికి వీల్లేదు.

రాసింది చెప్పినవాళ్లకి చదివి వినిపించాకే ఆట. పేర్లు మార్చండి. ఒకసారి బద్ధకించి వినిపించలేదు. ఆట మధ్యలో ఒక తాత లేచి “నానలగనలేదు!” అని అరిచాడు. డప్పు ఆగిపోయింది. ఆయన అన్నది నిజమే, ఒక్క మాట మేం కలిపాం.

ఎక్కడ వేయాలి? ఆర్కే బీచ్‌లో, సాయంత్రం. నటులు సముద్రానికి వీపు పెట్టాలి, గాలి మాటని జనం వైపు తోస్తుంది. మైకు వద్దు. గొంతు చాలకపోతే ఇంకో రెండు వారాలు రిహార్సల్ చేయండి.

అయ్యాక ఎవరూ మాట్లాడకండి, ముఖ్య అతిథి అస్సలు వద్దు. జేబులో చిన్న పుస్తకం, పెన్ను ఉంచుకోండి. ఎవరో ఒక ముసలాయన దగ్గరికి వచ్చి “అది కాదు బాబూ, ఆ రోజు...” అని మొదలుపెడతాడు. రాసుకుని మర్నాటి ఆటలో కలపండి.