వానలకు ముందే క్వైర్ పాటల ప్రతులను భద్రపరచుకోవలసిన తీరు

ఈస్టర్ ఆరాధన ముగిశాక మన చర్చి సంఘాల్లో క్వైర్ (గాయక బృందం) పాటల ప్రతులు వెస్ట్రీ గదిలోని, అంటే పాస్టరుగారు, క్వైర్ సిద్ధమయ్యే చర్చి పక్క గదిలోని, బీరువాలోకి చేరి, క్రిస్మస్ సాధన మొదలయ్యే నవంబరు దాకా సాధారణంగా బయటకు రావు. కోస్తా జిల్లాల్లో నైరుతి రుతుపవనాల వానలూ, ఆ తరువాత అక్టోబరు, నవంబరు తుపానులూ సరిగ్గా ఈ మధ్యకాలంలోనే వస్తాయి కాబట్టి, కాగితానికి ఏడాది మొత్తంలో ఎక్కువ ముప్పు ఉన్న నెలల్లోనే మనం దాని వైపు చూడము. అందుచేత సర్దే పనిని జూన్ రాకముందే, బాగా ఎండ కాసిన ఒక రోజున ముగించాలి.

మొదట చేయవలసింది లెక్క. పాడినవారందరి నుంచీ ఫోల్డర్లు వెనక్కి తీసుకొని, పై స్వరం నుంచి కింది స్వరం దాకా సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అనే నాలుగు గాత్రాల ప్రతులను వేరుచేసి, ప్రతి ప్రతికీ మెత్తని పెన్సిల్‌తో ఒక మూలన సంఖ్య వేసి రిజిస్టరులో రాయాలి. ఊపిరి తీసుకునే చోట్లనూ, స్వరం తగ్గించే చోట్లనూ గుర్తుపెట్టుకున్న పెన్సిల్ గీతలను శుభ్రం పేరుతో చెరిపివేయకూడదు. అవి ఒక సీజను సాధన మొత్తానికీ మిగిలిన ఆనవాళ్లు.

తరువాత, మళ్లీ దొరికేవాటినీ దొరకనివాటినీ విడదీయాలి. అచ్చు పుస్తకాన్ని కొనుక్కోవచ్చు, జిరాక్సు మళ్లీ తీయించుకోవచ్చు. కానీ తెలుగు కీర్తనలకు పాత క్వైర్ మాస్టర్లు నాలుగు గాత్రాలుగా కూర్చి, సోల్ఫాలో (డో, రే, మీ అక్షరాల స్వరలిపిలో) చేతితో రాసిపెట్టిన ప్రతులు చాలా సంఘాల్లో ఒక్కొక్కటే ఉంటాయి. మా క్వైర్‌లో ఒక ఏడాది గోడకు ఆనించిన చెక్క అలమరలో అడుగు అరలో ఉంచిన బాస్ కట్టను నవంబరులో తీసి చూస్తే, అంచులు తప్ప లోపలంతా చెదలు తినేశాయి. ఆ స్వరకల్పన గుర్తున్నవారు అప్పటికే లేరు. చేతిరాత ప్రతులను ముందుగా స్కాన్ చేయించి, ఆ ఫైళ్లను కనీసం ఇద్దరి దగ్గర ఉంచమని గట్టిగా చెప్పడానికి కారణం అదే.

కట్టే ముందు రబ్బరు బ్యాండ్లు, పిన్నులు, క్లిప్పులు అన్నీ తీసివేయాలి, ఎందుకంటే రబ్బరు కరిగి కాగితానికి అంటుకుంటుంది, ఇనుము తుప్పుపట్టి స్వరాల మీద మరక వదులుతుంది. చిరుగులకు సెల్లోటేపు వేయకూడదు. వార్తాపత్రికల్లో చుట్టడం కూడా మంచిది కాదు, ఆ కాగితంలోని ఆమ్లం పక్క కాగితాన్ని పసుపుపచ్చగా మార్చి పెళుసుబారుస్తుంది. ఉతికి గంజి పూర్తిగా వదిలించిన నూలు గుడ్డ మనకు అందుబాటులో ఉన్న మంచి సాధనం. గంజి మిగిలితే దానికోసమే బొద్దింకలూ, సిల్వర్ ఫిష్ పురుగులూ వస్తాయి.

కలరా ఉండల విషయంలో నా అభిప్రాయం స్పష్టం: వేయవద్దు. ఆ వాసన పట్టిన కాగితాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకొని గంటలకొద్దీ లోతుగా ఊపిరి పీల్చేది పాడేవాళ్లే, వారిలో పిల్లలూ ఉంటారు. వేపాకు వేయదలిస్తే గలగలలాడేలా ఎండినదే వేయాలి, పచ్చి ఆకు తేమను వెంట తెస్తుంది. తేమను పీల్చుకునే సిలికా జెల్ పొట్లాలు ఇంకా మేలు. నీలి గుళికల రకమైతే అవి గులాబీ రంగుకు మారగానే మార్చాలి.

చోటు ఎంచుకునేటప్పుడు నీరు కింద నుంచీ, పై నుంచీ రావచ్చునని గుర్తుంచుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడలో అనేక ఇళ్లలో నీరు రోజుల తరబడి నిలిచింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలికి కప్పులే ఎగిరిపోయాయి. కాబట్టి ఇనుప బీరువాను గోడకు జానెడు ఎడంగా, ఇటుకల మీద నిలబెట్టి, చేతిరాత ప్రతులను నడిమి అరలో, మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో ఉంచాలి. పెట్టెలో పెట్టే రోజున కాగితం పూర్తిగా పొడిగా ఉండాలి, లేకపోతే లోపలి తేమ బయటకు పోయే దారిలేక బూజు పడుతుంది. నెలకొకసారి, వాన లేని రోజు చూసి, ఒకరు బీరువా తెరిచి చూడాలి; తాళంచెవి ఎవరి దగ్గర ఉందో రిజిస్టరులోనే రాసి ఉంచాలి.

ఇంత చేసినా తడిస్తే తొందరపడి కాగితాలను విడదీయకూడదు, తడి కాగితం చేతిలోనే చిరుగుతుంది. రెండు రోజుల్లోపే బూజు మొదలుకావచ్చు కనుక, జెల్ పెన్నుతో రాసినవాటినీ, ఇంక్‌జెట్ ప్రింట్లనూ ముందు చూసుకోవాలి, వాటి సిరా నీటికి తొందరగా కరగవచ్చు. తెల్ల కాగితాలు మధ్యలో పెట్టి, అవి తడిసినప్పుడల్లా మారుస్తూ, నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. ఎండలో వేస్తే సిరా వెలిసి కాగితం ముడుచుకుపోతుంది. అన్నీ ఒకేసారి ఆరబెట్టలేకపోతే మిగిలినవాటిని ప్లాస్టిక్ కవర్లలో చుట్టి డీప్ ఫ్రీజరులో ఉంచి, కొద్దికొద్దిగా తీసి ఆరబెట్టుకోవచ్చు. ఆరినవాటిని వెంటనే బీరువాలోకి చేర్చకుండా వారం రోజులు బయటే ఉంచి, బూజు వాసన లేదని తేల్చుకున్నాకే లోపల పెట్టాలి.