టికెట్టు మీది టైం చూసి మోసపోకండి
సోంపేట నుంచి మా బావమరిది దుబాయ్ వెళ్లినప్పుడు జరిగింది. హైదరాబాద్‌లో ఉదయం 10కి ఎక్కి 12:30కి దిగడమని టికెట్టులో ఉంది. రెండున్నర గంటలే కదా అని 12:30 దాటగానే మా అత్త ఫోన్ మీద ఫోన్. వాడేమో ఇంకా సముద్రం మీదే! దిగే టైం ఎప్పుడూ ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. అది కలిపితే నాలుగు గంటలు. దూరం 2,500 కిలోమీటర్ల పైచిలుకు మరి. తిరిగొచ్చేటప్పుడు ఆ గంటన్నర తీసేయండి. పైన పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి, చలికాలంలో మరీనూ, రాక కాస్త తొందరగానే అవుతుంది. అసలు తిప్పలు గాల్లో కాదులెండి, సోంపేట నుంచి హైదరాబాద్‌కి రాత్రంతా రైల్లో. ఎయిర్‌పోర్టులో మూడు గంటల ముందుండాలి, అదీ లెక్కలో వేసుకోండి.